బ్లూ డ్రాగన్ (గ్లాకస్ అట్లాంటికస్): తలకిందులుగా తేలే నీలం స్లగ్ గురించి తెలిసినవాళ్లు రండి

నీలి_కెరటం:
అందరికీ నమస్తే. ఈ మధ్య ఎక్కడ చూసినా బ్లూ డ్రాగన్ వీడియోలే, అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూపిస్తున్నారు, కింద కామెంట్లలో ఒకాయన ఇది ఏఐ బొమ్మ అంటాడు, ఇంకొకాయన చేప పిల్ల అంటాడు, మరొకరు ముట్టుకుంటే ప్రాణం పోతుందంటారు. ఇది నిజంగా ఉన్న జీవే అండి, సైన్సు పేరు గ్లాకస్ అట్లాంటికస్, సముద్రపు స్లగ్, అంటే నత్తల కుటుంబమే కానీ పెద్దయ్యాక పెంకు ఉండదు. వీడియోల్లో జూమ్ చేసి చూపిస్తారు కాబట్టి జానెడు ఉంటుందనిపిస్తుంది కానీ బాగా ఎదిగినా 3 సెంటీమీటర్లు, అంతే. కొన్నాళ్లుగా దీని గురించి దొరికిందల్లా చదువుతున్నా, ఎంత చదివినా తనివి తీరట్లేదు, అందుకే ఈ థ్రెడ్. ముందు నా డౌట్ అడుగుతా. ఇది తినేది పోర్చుగీస్ మ్యాన్ ఓ వార్‌ని, జెల్లీఫిష్‌లా కనపడుతూ నీటి మీద తేలే, మనుషులకే చుక్కలు చూపించే జీవి అది, మరి వేలెడంత లేని ఈ మెత్తటి ఒంటికి ఏమీ కాదా?

కడలి_మాస్టారు:
మంచి టాపిక్ పెట్టారు. మీ డౌట్‌కి వస్తా, దానికంటే ముందు వీడియోలు చూసేవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మీరు చూస్తున్న ఆ మెరిసే నీలం రంగు దాని వీపు కాదు, పొట్ట వైపు, ఇంకా సరిగ్గా చెప్పాలంటే దాని పాదం. నత్త నేల మీద పాకేది దేని మీదో అదే భాగం ఇక్కడ ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. ఈ జీవి గాలి బుడగ మింగి కడుపులో ఉంచుకుంటుంది, ఆ గాలే దాన్ని నీటి పైపొరకి ఆనించి ఉంచుతుంది, జీవితమంతా వెల్లకిలానే. పైనుంచి చూసే పక్షికి నీలం పాదం సముద్రంలో కలిసిపోతుంది, కిందనుంచి చూసే చేపకి వెండి రంగు వీపు వెలుతురు పడే నీటి ఉపరితలంలో కలిసిపోతుంది. చాలా చేపల్లో వీపు ముదురు రంగు, పొట్ట లేత రంగు ఉంటుంది కదా, సూత్రం అదే, కాకపోతే ఇది ఒళ్లు తిరగేసుకుంది కాబట్టి రంగులు కూడా తిరగబడ్డాయి.

అక్వేరియం_ఆది:
వావ్ మాస్టారూ ఇది నాకు తెలీదు. మరి పక్కలకి చేతుల్లాగా వచ్చి చివర వేళ్లలాగా విడిపోతాయి కదా అవేంటి? రెక్కలా?

కడలి_మాస్టారు:
రెక్కలు కావు ఆదీ, వాటిని సెరాటా అంటారు. ఒంటికి అటు మూడు ఇటు మూడు గుత్తులుగా వస్తాయి, తల దగ్గరవి పెద్దవి, తోక వైపు వెళ్లేకొద్దీ చిన్నవి, అన్నీ కలిపి లెక్కపెడితే 84 దాకా ఉండొచ్చు. ఆ వేళ్లు అలంకారం కోసం కాదు. మొదటిది, అంత విడిపోయి ఉండటం వల్ల ఒంటి వైశాల్యం పెరిగి నీటి మీద తేలడం సులువవుతుంది. రెండోది, దీనికి వేరే మొప్పలు లేవు, చర్మం ద్వారానే, ముఖ్యంగా ఈ సెరాటా ద్వారానే ఊపిరి. మూడోది అసలైనది. దీని జీర్ణ గ్రంథి ఒకచోట ముద్దగా ఉండదు, కొమ్మలుగా చీలి ప్రతి వేలి లోపలికీ వెళ్తుంది, వేలి చివర ఒక చిన్న సంచి ఉంటుంది, దాన్ని నైడోశాక్ అంటారు. తిన్న తిండిలోని కుట్టే కణాలు ఆ దారిన వెళ్లి చివరికి ఆ సంచిలో చేరతాయి.

ఇప్పుడు నీలి_కెరటం గారి ప్రశ్న. మ్యాన్ ఓ వార్ (సైన్సు పేరు ఫైసేలియా) టెంటకిల్స్ (కిందికి వేలాడే పొడవాటి తీగలు) నిండా నెమటోసిస్ట్‌లు ఉంటాయి, ఒక్కోటి కంటికి కనపడని డబ్బీ, లోపల చుట్టచుట్టిన బోలు దారం, తగలగానే ఆ దారం తిరగబడుతూ బయటికి దూసుకొచ్చి విషం ఎక్కిస్తుంది. ఈ స్లగ్ వాటితో సహా టెంటకిల్‌ని కొరికి మింగేస్తుంది. నైడేరియాలని, అంటే ఇలా కుట్టే కణాలున్న జీవుల్ని, తినే స్లగ్‌లని పరిశీలించినవాళ్లు చెప్పేదాన్ని బట్టి రక్షణ ఒక్కటే కాదు, ఒంటి మీద చిక్కటి జిగురు పేలకుండా ఆపుతుంది, లోపలి పొరల్లో కైటిన్ ఉంటుంది, అంటే పురుగుల పెంకుల్లో ఉండే పదార్థమే, పేలినవి కూడా గుచ్చుకోకుండా అది అడ్డుకుంటుంది. ఇంకో విశేషం, కొన్ని జాతుల్లో చూసిందేంటంటే ఇవి దాచుకునేవి ఎక్కువగా ఇంకా పక్వానికి రాని కణాలు, అవి స్లగ్ ఒంట్లోకి వచ్చాకే పూర్తిగా తయారై పేలడానికి సిద్ధమవుతాయి. అంటే ఆయుధం వేరే జీవి తయారుచేసింది, పదును పెట్టుకోవడం మాత్రం ఇక్కడ.

నీలి_కెరటం:
మాస్టారూ దండం మీకు. పదును పెట్టుకోవడం ఇక్కడ అన్న మాట దగ్గర ఆగిపోయా. మనం తిన్న కూరలోని కారం మన గోళ్ల చివరికి చేరి అవతలివాడికి మంట పుట్టించినట్టుంది.

డాక్టరమ్మ_ఇంకా_కాలేదు:
మెడిసిన్ చదువుతున్నా కాబట్టి నా భాగం నేను చెప్తా. ముట్టుకుంటే చచ్చిపోతారు అన్నది అతి, కానీ అరచేతిలో పెట్టుకోవడం మాత్రం చాలా తప్పు పని, ఆ వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కుట్టేది ఫైసేలియా విషమే కాబట్టి లక్షణాలు కూడా అవే, మంట, ఎర్రగా దద్దుర్లు, కొందరికి వికారం వాంతులు, అలర్జీ ఉన్నవాళ్లకి ఇంకా సీరియస్ అవ్వొచ్చు. అరచేతి చర్మం మందం కాబట్టి వీడియో తీసేవాడికి కొన్నిసార్లు ఏమీ తెలియకపోవచ్చు, అదే మణికట్టు లోపలి వైపు తగిలినా, ఆ చేత్తో కన్ను నులుముకున్నా పరిస్థితి వేరు. చనిపోయి ఒడ్డున పడున్నదాన్ని కూడా ముట్టుకోవద్దు, నెమటోసిస్ట్ పేలడానికి ఆ జీవి బతికుండాల్సిన పని లేదు.

1969లో సైన్స్ జర్నల్‌లో థాంప్సన్, బెన్నెట్ అనే ఇద్దరు దీని మీదే పేపర్ వేశారు, ఆస్ట్రేలియాలో ఈతకి దిగినవాళ్లకి ఈ స్లగ్‌ల వల్ల కుట్టిన సంగతి, ఆ కణాలు ఫైసేలియావేనన్న సంగతి అందులో ఉన్నాయి. ఫైసేలియాలో రకరకాల సైజుల కణాలుంటే వీటి సంచుల్లో ఉన్నవి ఎక్కువగా పెద్దవే. అందుకే అసలు జీవి కంటే ఇది గట్టిగా కుట్టగలదు అంటుంటారు, గట్టి కణాలు కాస్త చోట్లోనే కుప్పగా ఉంటాయి కదా.

కుడితే ఏం చేయాలి అని ఎలాగూ అడుగుతారు. రుద్దకూడదు, ఇసుకతో అస్సలు రుద్దకూడదు, సముద్రపు నీళ్లతోనే కడిగి తర్వాత తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో ఉంచాలి. బ్లూబాటిల్ (అక్కడ ఫైసేలియాని అలా పిలుస్తారు) కుట్టిన 96 మంది మీద ఆస్ట్రేలియాలో చేసిన ట్రయల్ 2006లో వచ్చింది, 45 డిగ్రీల వేడి నీళ్లలో 20 నిమిషాలు పెట్టినవాళ్లలో 87 శాతం మందికి నొప్పి తగ్గింది, ఐస్ ప్యాక్ పెట్టినవాళ్లలో 33 శాతం మందికే. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఇవన్నీ పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి.

సిడ్నీ_సుబ్బు:
నేను ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లో ఉంటా, వీటిని కళ్లారా చూశా కాబట్టి ఒక మాట. ఎండాకాలంలో ఈశాన్యం గాలి వరసగా వీస్తే బ్లూబాటిల్స్ గుంపులుగా ఒడ్డుకి కొట్టుకొస్తాయి, వాటితోపాటే ఇవీ. ఇసుక మీద పడి ఉంటే ఎవరూ గుర్తుపట్టరు, ముడుచుకుపోయి బఠాణీ గింజంత నీలం ముద్ద, అంతే. అదే రాళ్ల మధ్య నిలిచిన నీటి గుంటలోకి వస్తే మాత్రం మెల్లగా విచ్చుకుంటుంది. ముందు తల దగ్గరి వేళ్లు తెరుచుకుంటాయి, తర్వాత మధ్యవి, ఒక్కో వేలు విడివిడిగా వంగుతూ లేస్తూ ఉంటుంది, పాదం అంచు వెంబడి ముదురు నీలం గీత, మధ్యలో లేత నీలం, పక్కకి వంగి చూస్తే కింద వెండి మెరుపు. నీటి పైపొరకి అతుక్కున్నట్టే ఉంటుంది. గాలికి నీళ్లు కదిలి తిరగబడిందనుకోండి, నెమ్మదిగా ఒళ్లు మెలిపెట్టుకుని మళ్లీ పొట్ట పైకి తెచ్చుకుంటుంది. ఎంతసేపు చూసినా విసుగు రాదు, చెయ్యి మాత్రం పెట్టలేదు, మీరూ పెట్టకండి.

అక్వేరియం_ఆది:
సుబ్బన్నా సూపర్. నాకు మెరైన్ ట్యాంక్ ఉంది, క్లౌన్ ఫిష్‌లు, కొన్ని కోరల్స్ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో బ్లూ డ్రాగన్ అమ్ముతాం అని కొందరు పెడుతున్నారు, తెచ్చి పెంచొచ్చా? తిండి సంగతి ఎలా?

కడలి_మాస్టారు:
వద్దు ఆదీ. కోప్పడుతున్నా అనుకోకు, కారణాలు విను. దీనికి కావాల్సింది బతికున్న ఫైసేలియా, లేదా దానిలాగే కుట్టే వెలెల్లా, పోర్పిటా, ఇవి మూడూ నడి సముద్రం మీద తేలేవే, ఎక్కడా పెంచి అమ్మేవి కాదు. ఇంకేదో పెడితే తినదు, ఆకలితో చస్తుంది, లేదా రెండు మూడు ఉంటే ఒకదాన్నొకటి తింటాయి, అది కూడా నిజంగా జరిగేదే. పైగా ఇది గోడ అనేదే లేని చోట పుట్టిన జీవి, ఈదే శక్తి నామమాత్రం, ట్యాంక్‌లో నీళ్లు తిరిగే జోరుకి అద్దానికి కొట్టుకుంటూ ఫిల్టర్‌లోకి లాక్కుపోతుంది. అమ్మేవాడు ఎక్కడో ఒడ్డున ఏరిందే అమ్ముతాడు, నీ ఇంటికి వచ్చేసరికి అది చావుకి దగ్గరగా ఉంటుంది. ఇదంతా సరే, నీ క్లౌన్ ఫిష్‌లకి తగిలితే అవీ పోతాయి.

అక్వేరియం_ఆది:
అర్థమైంది మాస్టారూ, తెప్పించను. అయితే దీని పెళ్లి పేరంటం సంగతి చెప్పండి, అంత విషం పట్టుకుని రెండూ దగ్గరికెలా వస్తాయి?

కడలి_మాస్టారు:
మంచి ప్రశ్న. ప్రతి ఒక్కటీ మగా ఆడా రెండూనే, కలిసినప్పుడు ఇద్దరూ ఒకరికొకరు వీర్యం ఇచ్చుకుంటారు, తర్వాత ఇద్దరూ గుడ్లు పెడతారు. నువ్వన్న ఇబ్బంది ఉంది కాబట్టే కాబోలు దీని పురుషాంగం చాలా పొడవు, కొక్కెంలా వంగి ఉంటుంది, అవతలి దాని సెరాటాకి తగలకుండా దూరం నుంచే పని అవుతుంది. ఇంకో తేడా ఏంటంటే చాలా స్లగ్‌లు కుడి పక్కలు ఆనించుకుని జతకడతాయి, ఇవి పొట్టలు ఎదురెదురుగా పెట్టుకుంటాయి. గుడ్లు దారాల్లాగా పెడతాయి, తిని వదిలేసిన వెలెల్లా పోర్పిటాల అట్టల మీద అంటిస్తాయి, అలాంటిది దొరక్కపోతే నీళ్లలోనే వదిలేస్తాయి. గుడ్డులోంచి వచ్చే పిల్లకి మాత్రం చిన్న పెంకు ఉంటుంది, రూపం మారేటప్పుడు దాన్ని వదిలేస్తుంది, దీని పూర్వీకులు పెంకు నత్తలని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

పాత_కాగితాలు:
చరిత్ర సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను. ఈ జాతికి పేరు పెట్టింది ఫోర్స్టర్, 1777లో. ఫోర్స్టర్లు తండ్రీ కొడుకులు ఇద్దరూ కెప్టెన్ కుక్ రెండో ప్రయాణంలో (1772 నుంచి 1775) రిజల్యూషన్ ఓడ మీద ప్రకృతి శాస్త్రజ్ఞులుగా వెళ్లారు. ఇప్పటిలా కెమెరా లేదు, పట్టిన జీవి కాసేపట్లో రంగు పోయి ముద్దైపోతుంది, ఉన్నంతసేపట్లోనే బొమ్మ గీసుకోవాలి, ఊగే ఓడ మీద. వాళ్ల ఓపికకి మొక్కాలి.

పైన డాక్టరమ్మ గారు చెప్పిన 1969 పేపర్‌లోని బెన్నెట్ ఎవరో కూడా చెప్పాలి, ఇసొబెల్ బెన్నెట్, ఆస్ట్రేలియా ఆవిడ. 16 ఏళ్లకే స్కూల్ మానేయాల్సి వచ్చింది, తర్వాత సిడ్నీ యూనివర్సిటీలో విలియం డాకిన్ అనే ప్రొఫెసర్ దగ్గర సెక్రటరీ పనికి చేరి, పని చేస్తూనే సముద్ర జీవశాస్త్రం నేర్చుకుని ఆ దేశపు తీరప్రాంత జీవుల మీద పెద్ద పేరు తెచ్చుకుంది. 2014లో చర్చిల్, వాల్డెస్, ఓ ఫోయిల్ కలిసి దీని చుట్టం గ్లాకస్ మార్జినేటస్‌ని డీఎన్‌ఏతో పరీక్షిస్తే ఒకటి అనుకున్నది నాలుగు జాతులని తేలింది, కొత్తగా పేరు పెట్టిన మూడింట్లో ఒకటి గ్లాకస్ బెన్నెట్టే, ఇంకొకటి గ్లాకస్ థాంప్సోనై. 1969 నాటి ఇద్దరి పేర్లూ అలా ఈ స్లగ్‌ల కుటుంబంలోనే నిలిచాయి. నాకు ఇది చదివినప్పుడు కళ్లు చెమర్చాయి అంటే నమ్మండి.

నీలి_కెరటం:
పాత_కాగితాలు గారూ అద్భుతం. మరి మన అట్లాంటికస్ కూడా అలా ముక్కలైందా?

పాత_కాగితాలు:
లేదండి, అదే ఆశ్చర్యం. అదే బృందం అదే ఏడాది దీన్నీ చూసింది, అట్లాంటిక్, పసిఫిక్, హిందూ మహాసముద్రాలన్నిట్లో ఒకటే జాతి, కాకపోతే ఆఫ్రికా యురేషియా ఒకవైపు, అమెరికా ఖండాలు ఒకవైపు అడ్డుగోడల్లా ఉండటం వల్ల ఈ సముద్రంలోవి ఆ సముద్రంలోవాటితో పెద్దగా కలవట్లేదు. ఇంకో వింత, ఆ తిండి జీవిని చూడండి, ఫైసేలియా ప్రపంచమంతా ఒకటే అని ఇన్నాళ్లు అనుకున్నారు, 2025లో వచ్చిన పేపర్‌లో అది నాలుగు జాతులన్నారు. తినేది ఒకటే జాతి, తిండి మాత్రం నాలుగు!

సముద్రం_సౌజన్య:
అందరూ డ్రాగన్ ఒక్కదాన్నే చూస్తున్నారు, నాకు దాని చుట్టూ ఉన్న ఊరంతా ఇష్టం. సముద్రం పైపొర మీదే బతికే ఈ గుంపుని న్యూస్టన్ అంటారు. ఫైసేలియా ఉంది, ఒక్క జీవి కాదు అది, చిన్న చిన్న జీవుల కాలనీ, పైన ఉండే బెలూన్‌లో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది, టెంటకిల్స్ మామూలుగా 10 మీటర్లు, కొన్నిట్లో 30 మీటర్ల దాకా. వెలెల్లా ఉంది, తెరచాప వేసుకుని గాలి ఎటు తోస్తే అటు పోతుంది. పోర్పిటా గుండ్రంగా బిళ్లలా ఉంటుంది. ఇవన్నీ నీలమే, ఎందుకంటే పైన నీడ లేదు, దాక్కోవడానికి రాయి లేదు, రంగు ఒక్కటే చాటు.

నాకు అందరికంటే ఇష్టమైనది మాత్రం జాంథినా, ఊదా రంగు నత్త. ఇది పెంకుని వదల్లేదు కాబట్టి గాలి మింగితే సరిపోదు, పాదంతో గాలిని పట్టి జిగురులో చుట్టి ఒక్కో బుడగ తయారుచేసి తెప్ప కట్టుకుంటుంది, ఆ తెప్పకి వేలాడుతూ బతుకుతుంది. తెప్ప నుంచి విడిపోయిందా, మునిగిపోతుంది, అంతే సంగతులు. ఈ తెప్ప ఎలా పుట్టిందో 2011లో తేల్చారు, సముద్రపు అడుగున ఉండే వాటి పూర్వీకుల ఆడ నత్తలు పెట్టే గుడ్ల గుత్తే మారి మారి బుడగల తెప్ప అయింది, అంటే ముందు తేలింది ఆడవే. ఆ పేపర్‌లో మొదటి పేరు కూడా పైన చెప్పిన చర్చిల్‌దే. జాంథినా వెలెల్లాని తింటుంది, గ్లాకస్ వెలెల్లానీ తింటుంది, వీలైతే జాంథినానీ తింటుంది. ఒకే పొర మీద ఎంత కథ జరుగుతోందో చూడండి.

డాక్టరమ్మ_ఇంకా_కాలేదు:
సౌజన్యక్కా, ఒక డౌట్. ఇవన్నీ గాలికి కొట్టుకుపోయేవే కదా, అంటే ప్లాస్టిక్ చెత్త ఎక్కడ పోగుపడుతుందో ఇవీ అక్కడికే చేరతాయా?

సముద్రం_సౌజన్య:
సరిగ్గా నా గుండెల్లో ఉన్న విషయం అడిగావు చెల్లీ. ఉత్తర పసిఫిక్‌లో చెత్త పేరుకునే సుడి ఉంది కదా, అక్కడ తీసిన శాంపిల్స్ మీద 2023లో ప్లోస్ బయాలజీ అనే జర్నల్‌లో పేపర్ వచ్చింది. అంచుల్లో కంటే మధ్యలో తేలే జీవులు ఎక్కువ, ఐదు రకాలని చూస్తే వెలెల్లా, పోర్పిటా, జాంథినా ఈ మూడూ ప్లాస్టిక్ ఎక్కువున్న చోటే ఎక్కువగా దొరికాయి. గ్లాకస్, ఫైసేలియాల విషయంలో ఆ సంబంధం కనపడలేదు, కానీ గ్లాకస్ తిండి అక్కడుంది కదా. ఇప్పుడు పెద్ద పెద్ద వలలతో పైపొరని జల్లెడ పట్టి ప్లాస్టిక్ తీస్తాం అంటే నాకు భయం అందుకే. ప్లాస్టిక్ తీయొద్దని నేను అనను, నదుల మూతి దగ్గర, ఒడ్డున ఆపితే ఎంత ఆపితే అంత మేలు, నడి సముద్రంలో వల వేసే ముందు మాత్రం ఆ వలలో ఇంకేం పడుతోందో లెక్కపెట్టాలి. 3 సెంటీమీటర్ల మెత్తటి ఒళ్లు వలలో పడ్డాక బయటపడటం జరగదు.

సిడ్నీ_సుబ్బు:
దీనికి నూరు శాతం ఓటు. మనుషులు బీచ్‌లో వీటిని చూస్తే భయంతో చంపేయడం కూడా చూశా. 2025 ఆగస్టులో స్పెయిన్‌లో గార్దమార్ దెల్ సెగురా అనే ఊళ్లో ఇవి కనపడగానే ఈత ఆపేసి హెచ్చరిక జెండా ఎగరేశారు, నాకైతే అది మంచి పద్ధతే అనిపించింది, జనాన్ని పక్కకి పంపారు, తర్వాత మళ్లీ తెరిచారు.

కొత్త_సభ్యుడు_77:
హాయ్ అండి, థ్రెడ్ మొత్తం ఒక్క గుక్కలో చదివా. నా దగ్గర ఒక ఫోటో ఉంది, ఓడలో పనిచేసే మా బావగారు పంపారు, నీళ్లలో తేలే దుంగ మీద గూస్ బార్నకిల్స్ (దుంగలకి అతుక్కుని బతికే పెంకు జీవులు) ఉన్నాయి, వాటి మధ్య ఒక స్లగ్ పాకుతోంది, వీపు నిండా వేళ్లే, కానీ రంగు గోధుమ. ఇది కూడా బ్లూ డ్రాగనేనా, రంగు మారుతుందా?

కడలి_మాస్టారు:
అది గ్లాకస్ కాదు బాబూ, మీరు చెప్పినదాన్ని బట్టి ఫియోనా పిన్నాటా అయి ఉంటుంది. అది కూడా సముద్రాలు తిరిగే స్లగ్గే కానీ సొంతంగా తేలదు, దుంగో సీసానో ఏదో ఒకటి పట్టుకుని వెళ్తుంది. తిన్నదాన్ని బట్టి దాని రంగు, బార్నకిల్స్ తింటే గోధుమ, వెలెల్లా తింటే నీలం. గ్లాకస్‌లా వేళ్ల చివర సంచులు దానికి లేవు, కాబట్టి కుట్టే కణాలు దాచుకోదు. గుర్తుపట్టడం సులువే, వీపు పొడవునా గుబురుగా ఉంటే ఫియోనా. పక్కలకి గుత్తులుగా వచ్చి, ఆ వేళ్లు ఒకే వరసలో పరుచుకుంటే గ్లాకస్ అట్లాంటికస్, అదే వేళ్లు ఒకదాని మీద ఒకటి చాలా వరసలుగా ఉంటే మార్జినేటస్ గుంపులోది. మీ బావగారిని పక్కనుంచి ఇంకో ఫోటో ఉంటే పంపమనండి, చూసి చెప్తా.